డ్రాలో "ఈఎస్‌పీ" కనబడగానే మ్యాచ్ వదిలేస్తున్న ఒక టెన్నిస్ ప్లేయర్: కేస్ స్టడీ

ఈ కేస్ రాయడానికి ఆ ప్లేయర్, వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారు. ఊరు, వయసు, ర్యాంకింగ్, టోర్నమెంట్ల పేర్లు, ఎదురు ఆడినవాళ్ళ వివరాలు తీసేశాను లేదా మార్చేశాను, ఆటకి సంబంధించినవి మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి. అతన్ని ఇక్కడ కె అంటాను. నేను స్పెయిన్‌లో మెడిటరేనియన్ తీరం వైపు ఒక అకాడమీలో కోచ్‌ని, మ్యాచ్ వీడియోలు చూసి పాయింట్లు ఎలా వస్తున్నాయి ఎలా పోతున్నాయి అని చూసే పని కూడా నాదే. మన వైపు నుంచి కుర్రాళ్ళెవరైనా వస్తే నా దగ్గరకే పంపుతారు, ఓడిపోయి వచ్చిన సాయంత్రం మనసులో ఉన్నది తెలుగులో అయితేనే బయటకి వస్తుంది కాబట్టి అది మంచి పద్ధతే అని నా ఉద్దేశం.

బ్యాక్‌గ్రౌండ్

కె హార్డ్ కోర్ట్ మీద పెరిగిన ప్లేయర్. పొడగరి, ఫస్ట్ సర్వ్ గట్టిగా పడుతుంది, ఫోర్‌హ్యాండ్ ఫ్లాట్‌గా కొడతాడు, బాల్ నడుము ఎత్తులో దొరికిందంటే ఎవరి మీదైనా విన్నర్ వేసేస్తాడు. బ్యాక్‌హ్యాండ్ రెండు చేతులతో, పెద్ద ఆయుధం కాదు గానీ తప్పులు తక్కువ. నెట్ దగ్గరకి వెళ్ళడం అస్సలు ఇష్టం ఉండదు, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇండియాలో ఐటీఎఫ్ టోర్నమెంట్లు ఏడాదిలో కొన్ని వారాలే ఉంటాయి. స్పెయిన్‌లో అయితే దాదాపు ఏడాది పొడుగునా ఏదో ఒక ఊళ్ళో ఎం15 గానీ ఎం25 గానీ (ఐటీఎఫ్ మగవాళ్ళ టోర్నమెంట్లలో కింది మెట్లు) నడుస్తూనే ఉంటుంది, ఒకచోట ఓడిపోతే ట్రైన్ ఎక్కి ఇంకోచోటికి పోవచ్చు, విమానం ఖర్చు ఉండదు. అందుకే చాలామంది లాగే కె కూడా ఒక సీజన్ ఇక్కడే ఉండి ర్యాంకింగ్ పాయింట్లు తెచ్చుకుందాం అని వచ్చాడు. వచ్చిన మొదట్లో హార్డ్ కోర్ట్ టోర్నమెంట్లలో బాగానే ఆడాడు. తర్వాత వరసగా క్లే (మట్టి కోర్ట్) వారాలు వచ్చాయి, అక్కడి నుంచి గాడి తప్పింది.

ఏం సమస్య అని వచ్చాడు

"సార్, వేరే దేశం వాళ్ళయితే ఎలాగోలా గెలుస్తున్నా, స్పానిష్ వాళ్ళ దగ్గరే పోతోంది. వాళ్ళు మిస్ చేయరు సార్, అలిసిపోరు." మొదటి రోజు చెప్పింది ఇదే. నేను గమనించింది ఇంకొకటి. డ్రా (ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే జాబితా) వచ్చిన రాత్రి ఫోన్‌లో ఎదుటి పేరు పక్కన ఈఎస్‌పీ, అంటే స్పెయిన్, అని కనబడితే చాలు, భుజాలు పడిపోయేవి, మర్నాడు వార్మప్‌లోనే ఏదో పెద్ద పనికి సిద్ధమవుతున్నట్టు బిగుసుకుపోయి ఉండేవాడు. ఎదురున్నవాడు ఎవరు, ఎంత ఎత్తు, ఏ చేత్తో ఆడతాడు అనేది కూడా చూసేవాడు కాదు.

కె దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. అందులో ఒక పేజీ పైన "స్పానిష్" అని రాసి కింద గేమ్ ప్లాన్ ఉంది, ఇంతకుముందు ట్రైనింగ్ తీసుకున్నచోట ఇచ్చింది. స్పానిష్ వాడు బేస్‌లైన్‌కి చాలా వెనక నిలబడతాడు కాబట్టి డ్రాప్ షాట్ (నెట్ దాటగానే పడేలా మెల్లగా) వెయ్యి. బ్యాక్‌హ్యాండ్ వీక్, అక్కడికే కొట్టు. సర్వ్ ఊరికే పాయింట్ మొదలుపెట్టడానికి వేస్తాడు, రిటర్న్ అటాక్ చెయ్యి. నెట్‌కి రాడు, షార్ట్ బాల్ ఇచ్చినా భయం లేదు. అన్నిటికంటే ముఖ్యం, ర్యాలీ పెంచితే నువ్వు ఓడిపోతావు, పాయింట్ తొందరగా ముగించు.

ఈ పేజీ రాసినవాళ్ళని నేను తప్పుపట్టను, అది గాల్లోంచి పుట్టలేదు. మనం టీవీలో స్పెయిన్ ప్లేయర్లని ఎక్కువగా చూసింది జూన్‌లో, రోలాండ్ గారోస్ (క్లే మీద జరిగే ఫ్రెంచ్ ఓపెన్) అప్పుడు. 1994, 1998, 2002, 2013, ఇన్నిసార్లు అక్కడ మెన్స్ ఫైనల్లో ఇద్దరూ స్పెయిన్ వాళ్ళే ఉన్నారు. బ్రుగెరా 1993లో, 1994లో వరసగా గెలిచాడు, 94లో అతనితో ఫైనల్ ఆడిన బెరాసాతెగీ ఎంత వింత గ్రిప్ పట్టేవాడంటే ఫోర్‌హ్యాండ్‌కీ బ్యాక్‌హ్యాండ్‌కీ రాకెట్ ఒకే వైపుతో కొట్టేవాడు. తర్వాత ఫెర్రర్ పరుగులు, ఆపైన నాదల్ 14 టైటిల్స్. ఇవన్నీ చూసి పెరిగిన కోచ్ మనసులో ఒక బొమ్మ పడిపోతుంది, ఆ బొమ్మ ఆ రోజుల్లో చాలామంది విషయంలో నిజం కూడా. సమస్య ఎక్కడంటే ఎం15 క్వాలిఫయింగ్‌లో (మెయిన్ డ్రాలోకి వెళ్ళడానికి ముందు ఆడే రౌండ్లు) కె ఎదురుగా నిలబడేది ఆ బొమ్మ కాదు, ఒక పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, వాడికి వాడి సొంత ఆట ఉంటుంది.

నా దగ్గరకి రాకముందు చేసినవి

మొదటిది ఫిట్‌నెస్. మూడో సెట్లు పోతున్నాయి కాబట్టి స్టామినా లేదు అనుకున్నారు, పొద్దున్నే పరుగులు, జిమ్, స్కిప్పింగ్. తప్పేం లేదు, క్లే మీద కాళ్ళు కావాలి. కానీ ఫలితం మారలేదు. ఎందుకు మారలేదో చూద్దామని ఓడిపోయిన మ్యాచ్‌ల వీడియోలు ఉన్నంతవరకూ తెప్పించి మూడో సెట్ మాత్రమే చూశా. పాయింట్లు పొడుగు ర్యాలీల్లో పోవట్లేదు. ఎక్కువ భాగం నాలుగు షాట్ల లోపే పోతున్నాయి, అదీ కె కొట్టిన తప్పుల మీద. సర్వ్ వేశాక వచ్చిన మొదటి బాల్‌నే లైన్ మీదకి కొట్టి బయటకి పంపుతున్నాడు. అలిసిపోయినవాడు లేటుగా చేరి నెట్‌లోకి కొడతాడు, కె అయితే టైమ్‌కి చేరి, కాళ్ళు సరిగ్గానే పెట్టి, పాయింట్ ముగించెయ్యాలని బయటకి కొడుతున్నాడు. అంటే మూడో సెట్‌లో పోయింది ఊపిరి కాదు, ఒంట్లో బలం కూడా కాదు, "ర్యాలీ పెరిగితే నా పని అయిపోతుంది" అన్న నమ్మకం వల్ల షాట్ ఎంచుకోవడం తప్పుతోంది.

రెండోది బ్యాక్‌హ్యాండ్ మీదకి కొట్టడం. ఇది ఎక్కువ నష్టం చేసింది, ఎందుకో కొంచెం వివరంగా చెప్తా, క్లే మీద కొత్తగా ఆడే మనవాళ్ళందరికీ వచ్చే సమస్య ఇది. కుడిచేతి వాటం ప్లేయర్ బ్యాక్‌హ్యాండ్ మూలకి వరసగా బాల్ వేస్తే ఏమవుతుంది, వాడు మెల్లగా ఆ మూలకే జరిగి నిలబడతాడు, క్లే మీద బాల్ నెమ్మదిగా లేస్తుంది కాబట్టి చుట్టూ తిరిగి ఫోర్‌హ్యాండ్ తీసుకోవడానికి కావలసినంత టైమ్ దొరుకుతుంది, అక్కడి నుంచి ఇన్‌సైడ్ అవుట్ ఫోర్‌హ్యాండ్ (బ్యాక్‌హ్యాండ్ మూల నుంచి అడ్డంగా కొట్టే ఫోర్‌హ్యాండ్) నీ బ్యాక్‌హ్యాండ్‌కి వస్తుంది. వీక్ సైడ్ మీద కొడుతున్నా అని కె అనుకుంటున్నాడు, నిజానికి ఎదుటివాడికి ఇష్టమైన చోట ఇష్టమైన షాట్ చేతికి అందిస్తున్నాడు. ముందు ఫోర్‌హ్యాండ్ వైపు వెడల్పుగా లాగితేనే ఆ బ్యాక్‌హ్యాండ్ మూల ఖాళీ అవుతుంది. పైగా ఇప్పటి స్పానిష్ కుర్రాళ్ళలో చాలామందికి రెండు చేతుల బ్యాక్‌హ్యాండే నమ్మకమైన షాట్. బౌతిస్తా అగుత్, కర్రేన్యో బుస్తా ఆడింది చూసినవాళ్ళెవరూ ఆ వైపు కొడితే చాలు అనరు.

మూడోది డ్రాప్ షాట్. ప్లాన్ ప్రకారం కె బేస్‌లైన్ వెనక నుంచి కూడా వేస్తున్నాడు. అంత దూరం నుంచి వేసిన డ్రాప్ గాల్లో ఎక్కువసేపు ఉంటుంది, ఎదుటివాడు నడుచుకుంటూ వచ్చినా అందుతుంది. ఇంకో సంగతి, ఇక్కడి పిల్లలు చిన్నప్పటి నుంచీ క్లే మీద డ్రాప్ వేస్తూ, అందుకుంటూ పెరుగుతారు, వీలైతే పాడెల్ (గోడలున్న చిన్న కోర్ట్‌లో ఆడే రాకెట్ ఆట) కూడా ఆడతారు, ముందుకి పరిగెత్తి చిన్న టచ్‌తో తిరిగి వెయ్యడం వాళ్ళకి కష్టమేం కాదు.

లెక్క విడదీసి చూస్తే

ఇక్కడ నేను తీసుకున్న మొదటి నిర్ణయం, కోర్ట్ మీద ఏమీ మార్చకుండా ముందు "స్పానిష్ వాళ్ళ మీదే ఓడిపోతున్నా" అన్న మాట నిజమో కాదో తేల్చడం. ఆ మాట నిజమైతే ఒక పని చెయ్యాలి, కాకపోతే వేరే పని. తేల్చకుండా ట్రైనింగ్ మొదలుపెడితే ఇంతకుముందు ఫిట్‌నెస్ విషయంలో జరిగిందే జరుగుతుంది.

కె ఈ సీజన్‌లో ఆడిన స్కోర్లన్నీ తీసి ముందు దేశం ప్రకారం, తర్వాత కోర్ట్ ప్రకారం పెట్టాం. దేశం ప్రకారం చూస్తే కె చెప్పిందే కనబడింది, ఓటములు ఎక్కువ స్పెయిన్ వాళ్ళ మీదే. కానీ ఇది స్పెయిన్‌లో జరిగే టోర్నమెంట్, వైల్డ్ కార్డులు (నిర్వాహకులు నేరుగా ఇచ్చే చోట్లు) లోకల్ కుర్రాళ్ళకే వెళ్తాయి, క్వాలిఫయింగ్‌లో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. ఇక్కడ ఎవరు ఓడిపోయినా ఎక్కువగా స్పెయిన్ వాళ్ళ మీదే ఓడిపోతారు. కోర్ట్ ప్రకారం పెట్టి చూస్తే అసలు విషయం బయటపడింది. క్లే మీద ఇటాలియన్ మీద ఓడిపోయాడు, అర్జెంటీనా వాడి మీద ఓడిపోయాడు, ఫ్రాన్స్ వాడి మీదా ఓడిపోయాడు, అందరి దగ్గరా పాయింట్లు పోయిన తీరు ఒకటే. హార్డ్ కోర్ట్ మీద అయితే స్పెయిన్ వాళ్ళని గెలిచాడు, ఒకసారి కాదు.

ఆ గెలిచిన మ్యాచ్‌లు చూపించి "వీళ్ళు స్పెయిన్ వాళ్ళే కదరా" అంటే కె చెప్పిన సమాధానం ఈ కేస్ మొత్తానికి ముఖ్యమైనది. "వాడు స్పానిష్‌లా ఆడలేదు సార్." తను ఓడించిన వాళ్ళందరినీ ఆ లిస్టులోంచి తీసేశాడన్నమాట. తనని ఓడించినవాడు స్పానిష్, తన చేతిలో ఓడిపోయినవాడు లెక్కలోకి రాడు. ఇలా అయితే ఆ నమ్మకం ఎప్పటికీ తప్పని తేలదు, ఎన్ని మ్యాచ్‌లు గెలిచినా సరే.

సమస్య పేరు ఇక్కడ మారింది. ఎదుటివాడి దేశం పక్కకి వెళ్ళింది, క్లే ముందుకొచ్చింది. క్లే మీద బాల్ స్పీడ్ తగ్గి ఎత్తు పెరుగుతుంది. కె ఫ్లాట్ ఫోర్‌హ్యాండ్ నడుము ఎత్తుకి తయారైనది, ఇక్కడ అది భుజం దగ్గర తగులుతోంది. సెకండ్ సర్వ్ తక్కువ స్పిన్‌తో పడి, లేచి, కొట్టుకోమని నిలబడుతోంది. ఈ రెండూ ఎవరి పాస్‌పోర్ట్‌కీ సంబంధం లేనివి.

లిస్టు చూపిస్తే మారలేదు

సమస్య తెలిసింది కదా అని నమ్మకం పోదు. ఒక సాయంత్రం కూర్చోబెట్టి స్పెయిన్ వాళ్ళు క్లే కాని కోర్టుల మీద గెలిచిన చరిత్ర చెప్పా. మనోలో సంతానా 1966లో వింబుల్డన్ గెలిచాడు, అంతకు ముందు ఏడాది అమెరికా టైటిల్ కూడా గ్రాస్ మీదే. కొంచితా మార్టినెజ్ 1994లో వింబుల్డన్ ఫైనల్లో నవ్రతిలోవాని ఓడించింది. 1998లో కొరెచా ఇండోర్ హార్డ్ కోర్ట్ మీద, హానోవర్‌లో, సీజన్ చివరి టోర్నమెంట్ సెమీస్‌లో సాంప్రాస్‌ని దాటి టైటిల్ తీసుకున్నాడు. 2008 డేవిస్ కప్ ఫైనల్‌కి అర్జెంటీనా సొంత గడ్డ మీద ఇండోర్ హార్డ్ కోర్ట్ వేసుకుంది, గాయంతో నాదల్ రాలేదు, అయినా ఫెలిసియానో లోపెజ్, వెర్దాస్కో వెళ్ళి కప్ తెచ్చారు. ఆ లోపెజ్ ఎడమచేతి సర్వ్, ఒంటిచేతి స్లైస్ (బాల్‌ని కిందకి కోసినట్టు కొట్టే షాట్), నెట్ మీదకి పరుగు, 2017లోనూ 2019లోనూ క్వీన్స్ క్లబ్‌లో గ్రాస్ మీద గెలిచాడు. ముగురుసా 2017లో వింబుల్డన్ గెలిచింది బాల్ లేస్తుండగానే కొట్టి. అల్కరాజ్ సంగతి చెప్పక్కర్లేదు, మొదటి గ్రాండ్ స్లామే 2022లో యూఎస్ ఓపెన్, హార్డ్ కోర్ట్, తర్వాత 2023లో వింబుల్డన్, ఆ తర్వాతే 2024 జూన్‌లో రోలాండ్ గారోస్ చేతికొచ్చింది, ఆ వెంటనే 2024 వింబుల్డన్ కూడా.

కె అన్నీ శ్రద్ధగా విన్నాడు. "వాళ్ళంటే గొప్పవాళ్ళు సార్, వాళ్ళది వేరే" అన్నాడు. మళ్ళీ అదే తలుపు, మినహాయింపు అనే తలుపు. తర్వాతి క్లే మ్యాచ్‌లో ఒక్క షాట్ కూడా మారలేదు. చరిత్ర చెప్పడం దండగ అని నేననను, కానీ మ్యాచ్ మధ్యలో 30-30 దగ్గర చేతిని నడిపేది ఆ లిస్టు కాదు.

టైపులుగా విడగొట్టడం

తర్వాత చేసింది, ఆ ఒక్క పేజీని కొన్ని పేజీలు చెయ్యడం. స్పానిష్ అనే ఒక మనిషి బదులు, హెవీ టాప్‌స్పిన్ (బాల్ ముందుకి తిరిగి ఎత్తుగా లేచేలా) కొట్టే లెఫ్టీ ఒకటి, లైన్ మీద నిలబడి ఫ్లాట్‌గా కొట్టేవాడు ఒకటి, చేతిలో టచ్ ఉండి డ్రాప్, లాబ్ (తల మీదుగా లేపే బాల్) ఆడేవాడు ఒకటి, ఇలా. ఒకేసారి మొత్తం ప్లాన్ లాగేస్తే కె ఖాళీ చేతులతో కోర్ట్‌లోకి వెళ్ళినట్టు ఫీలవుతాడు, కాబట్టి మెల్లగా విడగొడదాం అని. ఇది సగం పనిచేసింది. కనీసం ఎదుటివాడిని చూడటం మొదలుపెట్టాడు. మిగతా సగం చెడింది, ఎందుకంటే వార్మప్‌లోనే "ఇతను రెండో టైపు" అని తేల్చేసి ఇక కళ్ళు మూసుకునేవాడు. ఒక మ్యాచ్‌లో వార్మప్ అంతా ఫ్లాట్‌గా కొట్టిన కుర్రాడు మ్యాచ్‌లో బాల్‌ని ఆకాశానికి లేపాడు, కె రెండో సెట్ మధ్యదాకా రెండో టైపు ప్లానే ఆడాడు.

దేశం ఒక్కటి పోయి టైపులు వచ్చినా అలవాటు అదే. మ్యాచ్‌కి ముందే సమాధానం చేతిలో ఉండాలి అనే అలవాటు.

నమ్మకం కదిలిన రోజు

అది నేను ప్లాన్ చేసింది కాదు. ఒక టోర్నమెంట్‌లో కె ఒక స్పానిష్ కుర్రాడితో మూడు సెట్లు ఆడి ఓడిపోయాడు. ఆ కుర్రాడు మొదటి సెట్ అంతా లాబులు వేస్తూనే ఉన్నాడు, కె బేస్‌లైన్ దగ్గర నిలబడి ఉంటే కూడా, మాకు అర్థం కాలేదు. సాయంత్రం ప్లేయర్స్ భోజనం దగ్గర ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కె అడిగాడట, ఎందుకన్ని లాబులు అని. ఆ అబ్బాయి చెప్పాడు, మా కోచ్ చెప్పాడు, ఇండియన్స్ సర్వ్ వేసి నెట్‌కి వచ్చేస్తారు, స్లైస్ ఎక్కువ, చేతులు సాఫ్ట్, డబుల్స్ ఆట, పైకి లేపు అని. రామనాథన్ కృష్ణన్, అమృత్‌రాజ్, పేస్, భూపతి, వాళ్ళ ఆట చూసి ఇక్కడివాళ్ళు కట్టుకున్న బొమ్మ అది. ఆ బొమ్మకి కె ఎక్కడా సరిపోడు, నెట్ అంటేనే పడదు కదా. ఆ ప్లాన్ వల్లే ఆ అబ్బాయి మొదటి సెట్ కె చేతిలో పోగొట్టుకున్నాడు, రెండో సెట్‌లో ప్లాన్ వదిలేసి ఎదురుగా కనబడుతున్నదాన్ని ఆడి మ్యాచ్ తీసుకున్నాడు.

రూమ్‌కి వచ్చి కె అన్న మాట, "సార్, నేనసలు ఎలా ఆడతానో వాళ్ళు చూడనే లేదు." కాసేపాగి తనే అన్నాడు, "నేనూ అదే చేస్తున్నా కదా." నేను ఏమీ కలపలేదు. ఆ రాత్రే నోట్‌బుక్‌లో స్పానిష్ పేజీ తనే చించేశాడు.

అకాడమీలో చేసిన పని

మర్నాటి నుంచి ప్రాక్టీస్ సెట్లు వేరేగా పెట్టాం. కె కి పరిచయం లేని కుర్రాళ్ళతో ఆడిస్తాం, పేరు, దేశం చెప్పం, సెట్ అయ్యేదాకా స్కోర్ తప్ప ఇంకేం మాట్లాడకూడదు. అయ్యాక ఎదుటివాడి ఆట గురించి రాయాలి, ఏ దేశమో కూడా ఊహించి రాయాలి. "పక్కా స్పానిష్" అని రాసినవాడు ఉత్తర యూరప్ కుర్రాడు, చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి ఇక్కడి కోచ్‌ల దగ్గరే పెరిగాడు. ఏ దేశమో తేల్చుకోలేక వదిలేసినవాడు, ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌తో సర్వ్ వేసి నెట్‌కి వచ్చేవాడు, మా అకాడమీకి నడిచి వచ్చేంత దగ్గరలో పుట్టిన లోకల్ అబ్బాయి.

దీనితో ఇంకో విషయం కూడా కె కి అర్థమైంది, ఇక్కడ నిజంగా అందరిలోనూ కనబడేది ఆడే స్టైల్ కాదు, నేర్పే పద్ధతి. బుట్టలోంచి బాల్ తీసి కోచ్ చేత్తో దగ్గర నుంచి వేస్తాడు, పిల్లాడు అక్షరం ఎక్స్ ఆకారంలో ముందుకీ వెనక్కీ కదులుతూ ఉంటాడు, వెనక్కి వెళ్ళినప్పుడు ఎత్తుగా, ముందుకి వచ్చినప్పుడు అటాక్‌గా, బ్యాలెన్స్ పోకుండా, గంటలకి గంటలు. బాల్ దగ్గరకి ఎలా చేరాలి, ఎంత దూరంలో తీసుకోవాలి అనేది ముందు, కొట్టడం తర్వాత. ఆ కాళ్ళ మీద ఏ ఆట అయినా కట్టొచ్చు. వాలెన్సియాలో పెరిగిన రష్యా ప్లేయర్ సాఫిన్ ఆడింది ఒక ఆట, బార్సిలోనాలో టీనేజ్‌లో ట్రైనింగ్ తీసుకున్న బ్రిటన్ ప్లేయర్ ముర్రే ఆడింది ఇంకో ఆట. కె కి నేర్చుకోవలసింది అక్కడ ఉంది, ఎదుటివాడి భయంలో కాదు. కాబట్టి ఆ డ్రిల్స్‌లోనే కె ని కూడా పెట్టాం, ఫోర్‌హ్యాండ్‌ని నెట్ మీద ఇంకా ఎత్తులోంచి పంపడం, భుజం ఎత్తు బాల్‌ని రెండడుగులు వెనక్కి వేసి దిగుతుండగా తీసుకోవడం, సెకండ్ సర్వ్‌కి కిక్ (పడ్డాక ఎత్తుగా లేచే స్పిన్), ఎదుటివాడి ఒంటి మీదకి. ఫ్లాట్ ఫోర్‌హ్యాండ్ మాన్పించలేదు. అది కె ఆట, షార్ట్ బాల్ దొరికినప్పుడు దాన్నే వాడాలి, ఆ షార్ట్ బాల్ వచ్చేదాకా ఓపిక పట్టడమే కొత్తగా నేర్చుకోవలసింది.

మ్యాచ్ ప్రిపరేషన్‌లో దేశం అనే మాటే తీసేశాం. దాని బదులు కొన్ని ప్రశ్నలు, వాటికి సమాధానం వీడియోలో గానీ, ముందు రౌండ్ ఫెన్స్ పక్కన నిలబడి చూసి గానీ, అదీ లేకపోతే మొదటి నాలుగు గేముల్లో గానీ దొరకాలి. సెకండ్ సర్వ్ రిటర్న్‌కి ఎక్కడ నిలబడుతున్నాడు, 30-30 దగ్గర సర్వ్ ఎటు వేస్తున్నాడు, ఏ ఎత్తు బాల్ మీద తప్పులు వస్తున్నాయి, ఫోర్‌హ్యాండ్ వైపు వెడల్పుగా లాగితే తిరిగి ఏం వేస్తున్నాడు, తక్కువ ఎత్తులో షార్ట్ బాల్ ఇస్తే ముందుకొచ్చి ఆగుతున్నాడా వెనక్కి పోతున్నాడా. సమాధానాలు దొరికేదాకా కె తన సొంత ప్యాటర్న్సే ఆడాలి, సర్వ్ వైడ్, తర్వాత ఎత్తుగా డీప్‌గా ఒక ఫోర్‌హ్యాండ్, మధ్యలోకి అయినా పర్లేదు. ఇది ఎందుకు పెట్టామంటే, టైపుల పద్ధతిలో చూశాం కదా, ప్లాన్ లేకుండా వదిలితే కె ఏదో ఒక లేబుల్ పట్టుకుంటాడు. సొంత ఆట చేతిలో ఉంటే చూడటానికి తీరిక ఉంటుంది.

మార్పు ఎలా కనబడింది

కొన్ని వారాల తర్వాత క్లే మీద క్వాలిఫయింగ్ ఆఖరి రౌండ్, ఎదుట స్పెయిన్ కుర్రాడే. మూడో గేమ్‌కల్లా కె కి రెండు సంగతులు కనబడ్డాయి, సెకండ్ సర్వ్‌కి వాడు లైన్ లోపలికి వచ్చి నిలబడుతున్నాడు, ఫోర్‌హ్యాండ్ వైపు లాగితే ప్రతిసారీ డౌన్ ద లైనే (పక్క గీత వెంబడి నేరుగా) కొడుతున్నాడు. మొదటిది పాత పేజీలో ఉన్నదానికి పూర్తిగా తలకిందులు, రెండోది ఆ పేజీలో లేనే లేదు. కె కిక్‌ని ఒంటి మీదకి వేశాడు, ఫోర్‌హ్యాండ్ వైపు లాగి డౌన్ ద లైన్ వచ్చే చోటికి ముందే వెళ్ళి నిలబడ్డాడు. మొదటి సెట్ పోయింది, రెండోది వచ్చింది, క్వాలిఫయింగ్‌లో మూడో సెట్ బదులు 10 పాయింట్ల టైబ్రేక్ కదా, అది కూడా తీసుకున్నాడు. ఆ టైబ్రేక్‌లో ఒక పాయింట్ చాలా పొడుగ్గా సాగింది, కె వదల్లేదు, నాకు స్కోర్ కంటే అదే ఎక్కువ సంతోషం ఇచ్చింది.

మెయిన్ డ్రాలో మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాడు. ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాసుకున్నది చూపించాడు, "బ్రేక్ పాయింట్ల దగ్గర వాడు సర్వ్ టీ (సర్వీస్ గీతలు మధ్యలో కలిసే చోటు) మీదకే వేశాడు, నాకు రెండో సెట్‌లో గాని తెలియలేదు. సెకండ్ సర్వ్ భయపడి మళ్ళీ ఫ్లాట్‌గా వేశా." ఓటమికి కారణంగా ఒక దేశం పేరు లేకుండా కె రాసిన మొదటి పేజీ అది. ఇలాంటి కారణం మీద మర్నాడు కోర్ట్‌లో పని చెయ్యొచ్చు, "స్పానిష్ వాళ్ళు అలిసిపోరు" అనే దాని మీద ఏం పని చేస్తాం.

ఇక్కడికి కుర్రాళ్ళని పంపాలనుకునే కోచ్‌లకి నా సలహా, ముందు హార్డ్ కోర్ట్ వారాలు పెట్టి వెంటనే క్లేలోకి తొయ్యకండి, మధ్యలో టోర్నమెంట్ లేకుండా కొంతకాలం క్లే మీద ట్రైనింగ్ ఇవ్వండి. లేకపోతే కోర్ట్ వల్ల వచ్చిన ఓటములన్నీ ఎదుటివాడి జెండా ఖాతాలో పడతాయి, ఆ లెక్క తర్వాత విడదీయడం చాలా కష్టం. స్కోర్లు కూడా కోర్ట్ ప్రకారం వేరుగా రాయించండి, మొదటి రోజు నుంచే.

కె విషయంలో ఇంకా మిగిలిన పని ఒకటి ఉంది, లెఫ్టీలు. ఈ మధ్య "లెఫ్టీ పడ్డాడు సార్" అనే మాట వినబడుతోంది, అదే గొంతుతో. ఇందులో కొంత నిజం ఉంది, బాల్ తిరిగే దిక్కు మారుతుంది, యాడ్ కోర్ట్‌లో (కోర్ట్ ఎడమ సగం) సర్వ్ బయటకి లాగేస్తుంది, వాటికి కాళ్ళని సిద్ధం చెయ్యాల్సిందే. కానీ ప్రతి లెఫ్టీ నాదల్‌లా బ్యాక్‌హ్యాండ్ మీదకి ఎత్తుగా వేస్తాడు అనుకోవడం దగ్గర కె ని ఆపాలి. ప్రస్తుతం ఇద్దరు లెఫ్టీలతో రోజు విడిచి రోజు సెట్లు ఆడిస్తున్నాం, ఒకడిది స్లైస్ సర్వ్, ఇంకొకడు అంతా ఫ్లాట్‌గా కొట్టి బాల్‌ని అసలు పైకే లేపడు, సెట్ అయ్యాక ఇద్దరి గురించీ వేరువేరు పేజీలు రాయిస్తున్నాం.